ఊపిరి కూడా ఒక సబ్జెక్టేనా?

మా అక్క కూతురు గుడివాడ దగ్గర హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. నీట్ రాయాలి. ఆదివారం ఫోన్ ఇచ్చే గంటలో ముందు వాళ్ళమ్మకి చేస్తుంది, మిగిలిన నాలుగు నిమిషాల్లో నాకు. ఒక ఆదివారం గొంతు బాగా తగ్గించి అడిగింది: "పిన్నీ, మాకు మైండ్‌ఫుల్‌నెస్ క్లాసు పెట్టారు. కళ్ళు మూసుకుని ఊపిరి చూసుకోమంటారు. నాకేమో ఆర్గానిక్ కెమిస్ట్రీ కనిపిస్తోంది. పక్కనోళ్ళంతా చక్కగా కూర్చుంటున్నారు. ఇది కూడా రాకపోతే ఎలా?"

నవ్వబోయి ఆగిపోయాను, "ఇది కూడా" అన్న మాట దగ్గర. ఫిజిక్స్ రావట్లేదు, ఇన్‌ఆర్గానిక్ గుర్తుండట్లేదు, ఇప్పుడు ఊపిరి తీసుకోవడం కూడా రావట్లేదు. పుట్టిన నిమిషం నుంచీ చేస్తున్న పనిలో ఫెయిలయ్యానని పదిహేడేళ్ళ పిల్లకి అనిపించిందంటే, ఆ క్లాసులో చెప్పిన మాటల్ని ఒకసారి పట్టి చూడాల్సిందే.

ఆ మాటలు ఏంటని అడిగితే నోట్సులోంచి చదివింది. మూడే వాక్యాలు. రోజూ పొద్దున్న స్టడీ అవర్‌కి ముందు మనసులో అనుకోవాలట:

"నా ఊపిరిని గమనిస్తున్నాను. నాకు భయం లేదు. ర్యాంకు నాదే."

ఒక కవితని చదివినట్టు ఈ మూడు వాక్యాల్నీ చదువుదాం. వీటికి ఆ మర్యాద దక్కాలి. మన పుస్తకాలు వెయ్యి కాపీలు పోవడమే గొప్ప, ఇలాంటి వాక్యాలు మాత్రం ఎన్నో హాస్టళ్ళలో ఎంతోమంది పిల్లల నోట నానుతుంటాయి.

మొదటి వాక్యంలో ఉన్నది ఒక పని. ఎవరైనా చేయొచ్చు, చేశామో లేదో తెలుస్తుంది. రెండోది ఒక ప్రకటన. మొదటి వాక్యం చెప్పిన పని నిజంగా చేస్తే రెండో వాక్యం అబద్ధమైపోయే అవకాశం చాలా ఎక్కువ. పరీక్షకి నెల రోజుల ముందు ఊపిరిని గమనించిన పిల్లకి ముందు కనిపించేది భయమే: గుండె దగ్గర బరువు, పొట్టలో తిప్పడం, సగంలో తెగిపోయే శ్వాస. "చూడు" అని చెప్పిన నోరే, చూసింది చెప్పకముందే "అక్కడేం లేదు" అంటోంది. మూడోది ఇంకో గెంతు. అది కోరిక. కానీ వర్తమాన కాలంలో, నిజమన్నట్టు రాశారు.

అంటే మొదటి వాక్యం ఒక సంప్రదాయంలోంచి వచ్చింది, మిగతా రెండూ వేరే సంప్రదాయంలోంచి వచ్చాయి. ఈ రెండూ ఒకదానికొకటి చుట్టాలు కావు.

మొదటి వాక్యం ఊరు మాకు దగ్గరే. గుడివాడలో పాత బౌద్ధ స్తూపం దిబ్బ ఉంది. చల్లపల్లికి అవతల ఘంటసాలలో మహాచైత్యం శిథిలాలున్నాయి. ఊపిరిని గమనించడం ఆ బౌద్ధుల సాధనే. పాళీలో దాన్ని 'సతి' అంటారు, సంస్కృతంలో 'స్మృతి'. 1881లో రైస్ డేవిడ్స్ ఆ మాటని ఇంగ్లీషులోకి మైండ్‌ఫుల్‌నెస్ అని తెచ్చాడు. స్మృతి అంటే మనకి జ్ఞాపకం. చేస్తున్న పనిని మర్చిపోకుండా ఉండటం, మర్చిపోయినప్పుడు మళ్ళీ గుర్తు తెచ్చుకోవడం. 1979లో అమెరికాలో మసాచుసెట్స్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్లో జాన్ కబాట్-జిన్ దీన్ని ఆసుపత్రిలోకి తెచ్చినప్పుడు ఎదురుగా ఉన్నది ర్యాంకులు కోరే పిల్లలు కారు, మందులతో తగ్గని నొప్పితో బతుకుతున్న రోగులు. నొప్పి లేదనుకోమని వాళ్ళకి చెప్పలేదు. నొప్పిని నొప్పిగానే చూడమన్నాడు.

రెండో, మూడో వాక్యాలు మన వ్యక్తిత్వ వికాసం బీరువాలోంచి వచ్చాయి. యండమూరి 'విజయానికి ఐదు మెట్లు' చదవని ఇల్లు మా వైపు తక్కువ. ఆ పుస్తకాల్ని వెక్కిరించడం సాహిత్యం చదివేవాళ్ళకి అలవాటు. నేను వెక్కిరించను. ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కుతున్న పిల్లలకి "నువ్వు కూడా చేయగలవు" అని తెలుగులో చెప్పిన గొంతు అది. కానీ ఆ బీరువా భాషలో ఒక చిక్కుంది. అక్కడ ఆత్మవిశ్వాసం ముందు వస్తుంది, పని తర్వాత. నమ్మకం కలగకపోతే తప్పు మళ్ళీ నీదే. ఇప్పుడు ఆ భాషకే ఊపిరిని ముందు తగిలించి మైండ్‌ఫుల్‌నెస్ అని పేరు పెట్టారు.

మరి మొదటి వాక్యం ఒక్కటే ఉంచితే పరీక్షకి పనికొస్తుందా? కొంత పనికొస్తుంది. 2013లో కాలిఫోర్నియాలో 48 మంది డిగ్రీ విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. సగంమందికి రెండు వారాలు మైండ్‌ఫుల్‌నెస్, మిగతావాళ్ళకి పోషకాహారం గురించి క్లాసు. మొదటి గుంపుకి జీఆర్ఈ తరహా రీడింగ్ ప్రశ్నల్లో మార్కులు పెరిగాయి, మనసు పక్కకి పోవడం తగ్గింది. సంతోషమే. కానీ 2022లో బ్రిటన్ నుంచి ఇంకో ఫలితం వచ్చింది. 85 బడుల్లో ఎనిమిది వేలకి పైగా పిల్లలకి క్లాసులో అందరికీ కలిపి నేర్పి చూస్తే, మామూలుగా చెప్పే పాఠాలకన్నా దీనివల్ల పిల్లల మానసిక ఆరోగ్యానికి ఎక్కువ మేలేం జరగలేదు. చాలామంది పిల్లలు ఇంటి దగ్గర సాధన చేయనే లేదు. వద్దన్నా నేర్పిస్తే అదీ హోంవర్కే అయిపోతుంది. మా అమ్మాయి "ఇది కూడా" అన్నది దీని గురించే.

ఇక్కడ నాకు బందరు గుర్తొస్తుంది. చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి బందరు హైస్కూల్లో తెలుగు పంతులుగా పనిచేశారు. విశ్వనాథ సత్యనారాయణ ఆయన దగ్గర చదువుకున్నవాడే. తిరుపతి వేంకట కవులుగా ఆయనా దివాకర్ల తిరుపతిశాస్త్రీ ఊరూరా తిరిగి చేసింది అవధానం. ఆ మాటకి అర్థమే శ్రద్ధ, మనసు పెట్టడం. ఇన్నాళ్ళుగా మైండ్‌ఫుల్‌నెస్‌కి తెలుగు మాట వెతుకుతున్నాం గానీ, మన దగ్గర దాని పేరుతో ఒక ప్రదర్శన కళే ఉంది.

చూడనివాళ్ళ కోసం కొంచెం చెబుతాను. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు నాలుగు పదాలిచ్చి వాటితో పద్యం చెప్పమంటారు. నిషిద్ధాక్షరి అడిగేవాడు ప్రతి అక్షరం తర్వాతా ఫలానా అక్షరం వాడకూడదని అడ్డం పడతాడు. ఒక్కొక్కరికీ ఒక్కొక్క పాదం చెప్పుకుంటూ నాలుగు చుట్లు తిరగాలి. మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసేవాడు సంబంధం లేని ప్రశ్నలేసి దారి తప్పిస్తాడు. ఇంకోపక్క గంట మోగుతుంటే ఎన్నిసార్లు మోగిందో లెక్కపెట్టాలి. అన్నీ అయ్యాక ధారణ: పద్యాలన్నీ వరసగా అప్పజెప్పాలి.

ఇందులో ప్రశాంతత ఎక్కడుంది? ఎక్కడా లేదు. అవధాని మనసుని ఖాళీ చేసుకోడు. అడ్డం పడేవాణ్ణి బయటికి పంపించడు, వాడూ ఆటలో భాగమే. వాడికి జవాబు చెప్పి, నవ్వించి, వదిలేసిన పాదం దగ్గరికి తిరిగొస్తాడు. ఆ తిరిగి రావడమే విద్య. మా అమ్మాయికి కళ్ళు మూసుకున్నప్పుడు ఆర్గానిక్ కెమిస్ట్రీ కనిపించడం ఓటమి కాదు. అది అప్రస్తుత ప్రసంగం. "ఓహో, వచ్చావా" అనుకుని ఊపిరి దగ్గరికి తిరిగి రావాలి. మళ్ళీ వస్తే మళ్ళీ తిరగాలి. యాభైసార్లు దారి తప్పి యాభైసార్లు తిరిగొచ్చిన పిల్ల, కదలకుండా కూర్చున్న పక్కపిల్లకన్నా ఎక్కువే సాధన చేసింది.

ఈ పోలికకి ఒక హద్దుంది, అది నేనే చెప్పాలి. అవధానం చాలాకాలం కొద్ది కులాల, కొద్ది ఇళ్ళ విద్య. ఎంట్రన్స్ పరీక్షని ఎంత తిట్టుకున్నా, పెడనలో నేత పనివాళ్ళ పిల్లకీ, నాగాయలంకలో వేటకి పోయేవాళ్ళ పిల్లాడికీ డాక్టరయ్యే దారి ఇందులోంచే ఉంది. అందుకే "పరీక్షలు వదిలెయ్, హాయిగా ఊపిరి పీల్చుకో" అని సలహా ఇచ్చే హక్కు నాకు లేదు. దివిసీమలో అలా అనగలిగినవాళ్ళు తక్కువ. డీఎస్సీ కోచింగ్ కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చి గదులు అద్దెకి తీసుకునే అవనిగడ్డ మాది. ఒక పరీక్ష ఇంటిని ఎలా మారుస్తుందో చూస్తూ పెరిగాను.

నేనూ ఎంసెట్ రాశాను. మొదటి ప్రశ్నే తెలియలేదు. దాని దగ్గరే కూర్చుండిపోయాను. వదిలేస్తే ఓడిపోయినట్టని. ఎంతసేపో తెలీదు, తలెత్తేసరికి పక్కవాళ్ళు పేజీలు తిప్పుతున్నారు. ఆరోజు నాకు లేనిది ధైర్యం కాదు, ధైర్యం ఎక్కువై ఆ ప్రశ్నని వదల్లేదు. లేనిది తిరిగి రావడం.

లెక్క చూడండి. నీట్‌లో 180 ప్రశ్నలకి 180 నిమిషాలు. సరైన జవాబుకి నాలుగు మార్కులు, తప్పుకి ఒకటి పోతుంది. ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలకి అదే మూడు గంటలు, తప్పుకి కోత లేదు. ఈ రెండు పరీక్షల్లోనూ ఆత్మవిశ్వాసం అంటే "ర్యాంకు నాదే" కాదు. ఇది నాకు తెలుసు, ఇది సగం తెలుసు, ఇది తెలియదు అని నిమిషంలో నిజాయితీగా తేల్చుకోగలగడం. తెలియని దాన్ని వదిలి, చివర్లో టైముంటే దాని దగ్గరికి రావడం. మొదటి వాక్యం ఇందుకు పనికొస్తుంది. రెండో వాక్యం అడ్డొస్తుంది, ఎందుకంటే భయం లేదని అలవాటుగా చెప్పుకున్నవాళ్ళకి తెలియదని ఒప్పుకోవడం కూడా కష్టమౌతుంది.

ఒక్క సంగతి మాత్రం ఊపిరితో తీరదు. అవధాని చుట్టూ కూర్చున్నవాళ్ళు అతన్ని ఇరుకున పెడతారు గానీ, ఆయన గెలిస్తే వాళ్ళకీ సంతోషమే. హాస్టల్లో చుట్టూ ఉన్నవాళ్ళు పోటీదారులు. వారం వారం మార్కుల జాబితా గోడ మీద. చీకటితో లేచి, రాత్రి పది దాటేదాకా పుస్తకం ముందే. ఆ రోజులోంచి పది నిమిషాలు తీసి ఊపిరికి ఇచ్చి, మిగతాదంతా అలాగే ఉంచితే, ఆ పది నిమిషాలు చెప్పే మాట ఒకటే: టైమ్‌టేబుల్ బానే ఉంది, సరిచేసుకోవాల్సింది నువ్వే. ఆ మూడు వాక్యాల కింద రాయని నాలుగో వాక్యం అది. ఫలితాలొచ్చే రోజుల్లో పేపర్లో చదివే వార్తలు గుర్తొస్తే ఆ నాలుగో వాక్యం నాకు భయం పుట్టిస్తుంది. ఒక గంట ఎక్కువ నిద్ర, గోడ మీద జాబితా తీసెయ్యడం, అమ్మతో మాట్లాడటానికి వారం మధ్యలో ఇంకో పదినిమిషాలు. ఇవి ఇచ్చాక ఊపిరి గురించి మాట్లాడితే వింటాను.

2011లో చికాగోలో ఒక చిన్న ప్రయోగం జరిగింది. బయాలజీ పరీక్షకి ముందు పది నిమిషాలు, పిల్లలు తమ భయాల్ని కాయితం మీద రాశారు. పరీక్షంటే బాగా హడలిపోయే పిల్లలకి మార్కులు మెరుగయ్యాయి. భయం లేదని కాదు, భయం ఉందని రాసినందుకు. రాసుకునేవాళ్ళం మనకిది ఆశ్చర్యం కాదు కదా.

మరుసటి ఆదివారం మా అమ్మాయితో అదే చెప్పాను. "ఆ మూడు వాక్యాల్లో మొదటిది ఉంచుకో తల్లీ. మిగతా రెండూ నువ్వే రాసుకో. నిజం రాయి, ఎవరికీ చూపించక్కర్లేదు."

"నిజం రాస్తే భయం ఎక్కువవదా పిన్నీ?"

"ఎక్కువైతే అది కూడా రాయి."

ఆ తర్వాత ఆదివారం చదివి వినిపించింది. "నా ఊపిరిని గమనిస్తున్నాను. ఫిజిక్స్ అంటే భయంగా ఉంది. రొటేషనల్ మోషన్‌లో సగం వచ్చు." అంతలో వెనకనించి ఎవరో టైమైపోయిందన్నారు. మిగతా సగం గురించి మేమింకా మాట్లాడుకోలేదు.