దాగ్ అంటే వాత

ఉర్దూ కవిత్వం తెలుగులోకి వచ్చినప్పుడల్లా మాకు ఒక మాట దగ్గర కాలు తట్టుకుంటుంది. అది దాగ్. చెయ్యి తిరిగిన అనువాదకులు కూడా మరక అనో మచ్చ అనో రాసేసి ముందుకు వెళ్లిపోతారు. పూర్తిగా తప్పని అనలేం. మా ఇళ్లలో చొక్కా మీద సాలన్ ఒలికితే అమ్మీ నోట వచ్చేదీ ఆ మాటే. తెలుగులో డాగు అయిందీ అదే.

కానీ ఫార్సీలో ఈ మాట పుట్టింది మురికిలోంచి కాదు, నిప్పులోంచి. దాగ్ అంటే కాలినది, కాల్చి వేసిన గుర్తు. ఇరాన్‌లో ఇవాళ్టికీ పొగలు కక్కే టీని దాగ్ అంటారు. అల్లావుద్దీన్ ఖిల్జీ (1296–1316) తన సైన్యం గుర్రాలకు ఇనుము కాల్చి ముద్ర వేయించిన పద్ధతి పేరు దాగ్; తర్వాత అక్బర్ దాన్నే మళ్లీ తెచ్చాడు. సంస్కృతంలో దహనం, దగ్ధం, దాహం కూడా ఈ వేరు నుంచి వచ్చినవే. మన పద్యకవులు ఎండాకాలాన్ని నిదాఘం అంటారే, అందులో కాలుతున్నదీ ఈ దాగే. 'తురక మాట' అని పక్కకు నెట్టేవాళ్లు ఈ చుట్టరికం కాస్త చూసుకోవాలి.

తెలుగులో దీనికి మాట లేదా? ఉంది. వాత. పులిని చూసి నక్క పెట్టుకున్నది మరక కాదు గదా!

తేడా చిన్నదేం కాదు. మరక దానంతటదే పడుతుంది, ఉతుక్కోవాల్సిన పూచీ మాత్రం చొక్కా తొడుక్కున్నవాడిది. వాత పెట్టడానికి ఒక చెయ్యి కావాలి. 1947 స్వాతంత్య్రం మీద ఫైజ్ రాసిన 'సుబ్‌హె ఆజాదీ'లోని దాగ్‌ను మరకగా తెలుగు చేస్తే అది మాసిన ఉదయం అవుతుంది. కాలిన ఉదయం అంటే, కాల్చిందెవరని పాఠకుడు అడుగుతాడు.

నవాబ్ మీర్జా ఖాన్ ఈ మాటనే తఖల్లుస్ చేసుకుని దాగ్ దెహ్లవీ అయ్యాడు. అతనికి నాలుగేళ్లప్పుడు, 1835లో, ఫ్రేజర్ హత్య కేసులో అతని తండ్రిని ఇంగ్లీషువాళ్లు ఢిల్లీలో ఉరి తీశారు. అందుకే ఆ పేరు పెట్టుకున్నాడని మేం అనం. దాన్ని 'మచ్చ' అని చదవడానికి మాత్రం మాకు నోరు రాదు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కు ఉస్తాద్ అయి, 1905లో హైదరాబాద్‌లోనే కన్ను మూశాడు.

అదే హైదరాబాద్‌లో 2007 మక్కా మసీదు పేలుడు తర్వాత పోలీసులు పట్టుకెళ్లిన ముస్లిం యువకుల్లో చాలామందిని కోర్టులు నిర్దోషులన్నాయి. ఆ మీదట ప్రభుత్వం వాళ్లకు మంచి నడవడిక సర్టిఫికెట్లు ఇచ్చింది. మరకకైతే సబ్బు సరిపోతుంది. వాళ్లలో ఎవరైనా రేపు ఉర్దూలో తన కథ రాసి, అందులో దాగ్ అన్న మాట వాడితే, తెలుగు చేసేవాళ్లు ఆ మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలని మా మనవి.