తెలుగు శాఖలలో జ్ఞాన నిర్వహణ: ప్రభావితం చేసే అంశాలు – ఒక విమర్శనాత్మక పరిశీలన

విశ్వవిద్యాలయం జ్ఞానాన్ని సృష్టించడంతోపాటు దానిని భద్రపరచి తరువాతి పరిశోధకులకు అందించవలసిన సంస్థ. ఈ క్రమాన్నే జ్ఞాన నిర్వహణ అంటారు. మైఖేల్ పొలాన్యీ 1966లో వెలువరించిన గ్రంథంలో అవ్యక్త జ్ఞానమనే భావనను వివరించాడు. నొనాకా, తకెయుచి 1995లో ఆ జ్ఞానం సంస్థలలో వ్యక్తరూపం పొందే తీరును సిద్ధాంతీకరించారు. వ్యాపార సంస్థల నేపథ్యంలో రూపొందిన ఈ ఆలోచనను తెలుగు శాఖలకు అన్వయిస్తే నాలుగు అంశాలు ముందుకు వస్తాయి.

మొదటిది విధానం. యు.జి.సి. 2009 నిబంధనలు సిద్ధాంత గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతిని సమర్పించాలని నిర్దేశించాయి. ఇన్‌ఫ్లిబ్‌నెట్ నిర్వహిస్తున్న శోధగంగ ద్వారా అవి అందుబాటులోకి వస్తున్నాయి. ఒకప్పుడు ఆయా గ్రంథాలయాలకు వెళ్తే తప్ప చూడ వీలుకాని గ్రంథాలను నేడు ఎక్కడినుంచైనా చదవవచ్చు.

రెండవది లిపి సంకేతీకరణ. అను వంటి యూనికోడేతర ఖతులలో కూర్చిన పుట కంటికి తెలుగుగానే కనిపిస్తుంది. దాని వెనుక ఉన్న సంకేతాలు మాత్రం తెలుగు అక్షరాలవి కావు. స్కాన్ చేసిన ప్రతులు కేవలం చిత్రాలు. అందువల్ల గ్రంథం నిక్షిప్తమై ఉన్నా, అందులోని పదాన్ని వెతికి పట్టుకోవడం కష్టం.

మూడవది పరిభాష. జానపద వాఙ్మయం, జానపద సాహిత్యం, జానపద విజ్ఞానం అనే పదాలను పరిశోధకులు తమతమ దృక్పథాలను బట్టి వాడుతున్నారు. విషయసూచక పదాలలో ఏకరూపత లేనప్పుడు సమీప అంశాలపై జరిగిన పరిశోధనలు ఒకచోట కనిపించవు. చేసిన పనినే మళ్లీ చేసే పరిస్థితి ఏర్పడుతుంది.

నాలుగవది, అన్నిటికంటే కీలకమైనది, సామగ్రిని పంచుకునే సంస్కృతి. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తి పదకోశంలో వ్యవసాయ సంపుటాన్ని 1962లో, చేనేత సంపుటాన్ని 1971లో ప్రచురించింది. క్షేత్రంలో సేకరించిన పదసామగ్రే అక్కడ గ్రంథరూపం పొందింది. ఇతర వృత్తుల సంపుటాలు వేరే సంపాదకుల చేతుల మీదుగా వెలువడ్డాయి. పద్ధతి స్పష్టంగా ఉన్నందువల్లనే పని ఒక వ్యక్తితో ఆగిపోలేదు. పిహెచ్‌.డి. స్థాయిలో ఇందుకు భిన్నమైన స్థితి తరచుగా కనిపిస్తుంది. పరీక్షకుల ముందుకు వచ్చేది సిద్ధాంత గ్రంథమే కనుక ధ్వనిముద్రణలు, క్షేత్ర పుస్తకాలు పరిశోధకుల ఇళ్లలోనే మిగిలిపోతాయి. కథాగానం చేసిన కళాకారుడు మరణించిన తరువాత ఆ ధ్వనిముద్రణే ఏకైక ఆధారం కావచ్చు. అది పోతే గ్రంథంలోని నిర్ధారణలను సరిచూసే అవకాశమూ పోతుంది.

తన శ్రమఫలాన్ని ఇతరులు ముందుగా వాడుకుంటారన్న పరిశోధకుల సంకోచం నిరాధారం కాదు. సమాచారదాతల అనుమతి కూడా ఉపేక్షించరానిది. సేకర్త పేరును నమోదు చేయడం, కొంతకాలం ఇతరుల వినియోగాన్ని పరిమితం చేయడం, అనుమతి పత్రాన్ని జతపరచడం ద్వారా ఈ రెండింటినీ గౌరవించవచ్చు.

గ్రంథాన్ని యూనికోడ్‌లో సమర్పించడం, శాఖలన్నీ అంగీకరించిన సూచక పదావళిని వాడడం, క్షేత్రసామగ్రిని శాఖకు అప్పగించడం పట్టా ప్రదానానికి ముందే పూర్తి కావాలి. మొదటి రెండూ ఆలస్యమైనా సరిదిద్దుకోవచ్చు. నశించిన ధ్వనిముద్రణను మాత్రం ఏ సాంకేతికతా తిరిగి తేలేదు. కాబట్టి తెలుగు శాఖల ప్రాధాన్యక్రమంలో సామగ్రి సంరక్షణకే ప్రథమస్థానం దక్కాలి.