మనస్సును కొలుచువారు

విశ్వవిద్యాలయ మనోవిజ్ఞాన ప్రయోగశాలలలో పనిచేయు సహాయకుల నేర్పును లోకము అంతగా గుర్తింపదు గాని, నాకు వారియందు గల గౌరవము అపారము. 1935లో స్ట్రూప్ అను అమెరికా పండితుడు ప్రకటించిన పరీక్షనే తీసికొందము: "ఎరుపు" అను మాట నీలిసిరాతో అచ్చయి యుండును, మాటను చదువక సిరా రంగును మాత్రమే చెప్పవలెను, చదువు నేర్చిన నాలుక అక్కడనే తడబడును. ఆ జాగును సెకనులో వెయ్యవవంతుల లెక్కన కొలువవలసి యుండుటచే, సహాయకురాలు వచ్చినవారిని కూర్చుండబెట్టి, అంగీకారపత్రము చదివించి, ఇష్టము లేనిచో ఎప్పుడైనను లేచి పోవచ్చునని తెలిపి, పిదప సూచనలను మొదటివానికి వినిపించిన మాటలతోనే, ఆ స్వరముతోనే, నలుబదియవవానికిని వినిపించును. తన కనుబొమ్మ కదలికయైనను జవాబునకు సూచన కారాదని ఆమె యెరుగును. అలసట ప్రభావము ఒకవైపే మొగ్గకుండుటకై సగము మందికి పరీక్షల క్రమమును తారుమారు చేయును. పేరులను తొలగించి అంకెలనే మిగుల్చును. తప్పు చెప్పితినని చిన్నబుచ్చుకొన్న విద్యార్థికి, అది బుద్ధిలోపము కాదనియు, చదువుట అంతగా అలవాటైపోయినందువలననే కలిగినదనియు చివర ఓపికతో వివరించుట యున్నదే, అది నాకు అన్నిటికంటె మిన్నగా తోచును. చదువరులారా, మీ యూరి విశ్వవిద్యాలయమువారు ఇట్టి ప్రయోగమునకు పిలిచినచో, ఒక గంట వెచ్చించి పోయి రండు.