కుక్కుంటే ఇంకో ఐదొందలు

గేటుకి తాళం వేసి ఉంది. ఆ ఇంట్లో అద్దెకున్నవాళ్లు బదిలీ మీద వెళ్లిపోయి అప్పటికి నాలుగు రోజులు. గేటు ముందు మెట్టు మీద ఒక తెల్ల కుక్క పడుకుని ఉంది. మెడలో ఎర్ర పట్టీ ఇంకా అలాగే ఉంది. వీధిలోకి ఏ మోటారుసైకిలు మళ్లినా తలెత్తి చూసేది. ఆ చప్పుడు తనకి తెలిసింది కాదని అర్థమయ్యాక మళ్లీ ముడుచుకుని పడుకునేది. పోయిన జూన్‌లో, పాతపట్నంలో మా వీధి చివర చూసిన సంగతి ఇది.

పక్కింటి ముసలామె దానికి అన్నం పెడుతోంది. ఏమైందని అడిగితే, "ఆల్లకి కొత్తూర్లో ఇల్లు దొరకనేదంట మాస్టారూ. కుక్కుంటే నెలకి ఇంకో వెయ్యి ఇమ్మన్నారంట. ఏటి సేత్తారు, ఒగ్గీసి ఎల్లిపోనారు" అంది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. నేను బడిపంతుల్ని. ఇరవై ఏళ్లు దాటిన ఉద్యోగంలో ఏడు అద్దె ఇళ్లు మారాను. చివరి నాలుగిళ్లలోనూ మాతో కుక్క ఉంది. ఇప్పుడున్నది నాటు కుక్క, పేరు బంగారి. బడి గోడ పక్కన కళ్లు తెరవని పిల్లగా దొరికింది. కుక్కతో ఇల్లు వెతకడంలో ఉన్న కష్టం నాకు తెలుసు. ఆ కుటుంబాన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు. వాళ్లు చేసింది సరైనదని అనడానికీ రాలేదు.

పాతపట్నం మండల కేంద్రం, మహేంద్రతనయ ఒడ్డు ఊరు. కూతవేటు దూరంలో పర్లాకిమిడి, అది ఒడిశా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు ఆ ఊరు అటు వెళ్లింది, ఈ ఊరు ఇటు మిగిలింది. ఇక్కడ అద్దె ఇళ్లలో ఉండేవాళ్లలో టీచర్లు, బ్యాంకువాళ్లు, ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు ఎక్కువ. వేసవి చివర బదిలీలు వస్తే సగం వీధి ఖాళీ అవుతుంది, సగం వీధి నిండుతుంది. నీలమణి దుర్గమ్మ గుడి వైపు నడిచి వెళ్తే ఆ రోజుల్లో గేటు గేటుకీ టు-లెట్ బోర్డులే. బోర్డు మీద ఫోను నంబరు మాత్రమే ఉంటుంది. అసలు షరతులు ఫోను చేశాక మొదలవుతాయి. ఎంతమంది, ఏ ఊరు, మాంసం వండుతారా, బంధువులు ఎక్కువగా వస్తారా. ఇప్పుడు వాటికి తోడు కుక్క ఉందా అన్నది చేరింది.

మా అమ్మమ్మగారి ఊళ్లో ఈ ప్రశ్నకి అర్థమే లేదు. సావిడిలో ఒక వైపు ఎడ్లు, ఇంకో వైపు మా తాతయ్య మంచం. దూడ ఇంట్లోకి వస్తే తోలేవాళ్లు, అంతే. కుక్కది అరుగు కింద చోటు. ఇల్లంటే మనుషులూ పశువులూ కలిసి ఉండే చోటు. మేడలు వచ్చి, వాటాలు వచ్చి, నేల మీద పాలరాయి పరిచాక ఇంటికి వేరే లెక్క వచ్చింది. ఆ లెక్కని నేను తప్పు పట్టను. పింఛను డబ్బంతా పోసి కట్టుకున్న ఇంటి గురించి ఎవరికైనా దిగులుంటుంది.

కుక్కతో మొదటిసారి ఇల్లు మారినప్పుడు నేను దాచాను. వేరే ఊళ్లో జరిగింది. ఇంటాయనకి చెప్పకుండా, రాత్రి ఆటోలో దుప్పటి కప్పి తీసుకొచ్చాం. మూడో రోజుకి తెలిసిపోయింది. ఆయన అరవలేదు. "ముందే సెప్పుంటే ఆలోచించేవాణ్ణి, ఇప్పుడు మీరేటి సెప్పినా నమ్మలేను" అన్నాడు. నెల తిరక్కుండా ఖాళీ చేశాం. నా తర్వాత ఆ ఇల్లు అడిగిన ఒక టీచరుకి, పిల్లి ఉందన్నందుకు ఆయన ఇవ్వలేదని విన్నాను. నా అబద్ధానికి ఇంకొకరు ఇల్లు పోగొట్టుకున్నారు. అప్పట్నుంచీ నేను ఫోన్లో మొదటి మాటగానే కుక్క సంగతి చెబుతున్నాను.

పాతపట్నంలో మా మొదటి ఇంటామె కాదనలేదు. అద్దె 5,500. "ఇల్లియ్యననీసి కాదు మాస్టారూ. కుక్కున్నాదంట కదా. నెలకి ఇంకో ఐదొందలు ఏసి ఇయ్యండి. అడ్వాన్సు కాకండా ఓ ఐదువేలు. అది మరి తిరిగియ్యను" అంది. ఒప్పుకున్నాను. వేరే దారి లేదు. మూడేళ్లున్నాం. ఐదొందల చొప్పున 36 నెలలకి 18,000, ముందిచ్చిన 5,000, మొత్తం 23,000 రూపాయలు. వాళ్లబ్బాయి ఊరికి తిరిగొస్తున్నాడని ఖాళీ చేసిన రోజున, ఇంటామె, నేనూ కలిసి ఇల్లంతా తిరిగి చూశాం. వీధి తలుపు అడుగు భాగం బంగారి గోళ్లకి గీసుకుపోయింది. వడ్రంగికీ రంగుకీ కలిపి 1,200. దోమల తలుపు వల చిరిగింది, 600. అంటే 1,800. మిగిలిన 21,200 దేనికి ఇచ్చానో నాకు ఇప్పటికీ తెలియదు. అది కాకుండా, అందరికీ కోసినట్టే సున్నాలకని ఒక నెల అద్దె కూడా కోసుకుంది.

కానీ ఆమె వైపు కథ కూడా ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. మాకంటే ముందున్న వాళ్లు పెద్ద కుక్కని గదిలో పెట్టి తాళం వేసి శని, ఆదివారాలు సొంతూరు పోయేవారట. వాళ్లు వెళ్లాక ఇల్లంతా గోమార్లు. కుక్క ఒంటి మీద పెరిగే గోమారి ఇంటి లోపలే బతకగలదు. గోడ పగుళ్లలో, తలుపు చట్రాల సందుల్లో వేల గుడ్లు పెడుతుంది. తిండి లేకపోయినా నెలల తరబడి ఆ సందుల్లో కాచుకుని ఉంటుంది. రెండుసార్లు మందు కొట్టించినా పోలేదని చెప్పింది. ఆ ఖర్చు, ఆ అసహ్యం ఆమె నాకు కట్టిన రేటులో ఉన్నాయి. ఎవరో చేసిన నష్టానికి నేను కట్టాను. అదే నష్టానికి నా తర్వాత వచ్చేవాళ్లూ కడతారు. ఇది తెగే లెక్క కాదు.

మా మేనకోడలు టెక్సస్‌లో ఉంటుంది. పిల్లిని పెంచుతుంది. అక్కడ అపార్ట్‌మెంటు అద్దె కాగితంలో ఈ డబ్బు మూడు పేర్లతో ఉంటుందని చెప్పింది. ఒకటి డిపాజిట్, నష్టం లేకపోతే తిరిగొస్తుంది. రెండోది ఫీజు, ఒక్కసారి ఇస్తే పోయినట్టే. మూడోది నెల నెలా జంతువుకి అద్దె. కొన్నిచోట్ల మూడూ వసూలు చేస్తారట. తనకీ భారంగానే ఉంది. అయినా ఏది ఏ పేరుతో తీసుకుంటున్నారో తనకి తెలుసు. మన దగ్గర మూడూ కలిసి ఒక్క మాట అయిపోయాయి: "కుక్కుంటే ఎక్కువవుద్ది." ఇంగ్లండులో 2019 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం, జంతువు పేరు చెప్పి విడిగా ఫీజు తీసుకోవడాన్ని ఆపింది. మామూలు ఇళ్లకి డిపాజిట్ ఐదు వారాల అద్దె దాటకూడదంది. దాంతో అక్కడ కొందరు యజమానులు ఆ డబ్బుని నెల అద్దెలో కలిపేశారు. ఒక తలుపు మూస్తే ఇంకో తలుపు తెరుచుకుంది. చట్టం ఒక్కటే దీన్ని తేల్చదని నాకు అక్కడే అర్థమైంది.

మన చట్టాల సంగతీ చూశాను. భారత జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అపార్ట్‌మెంటు సంఘాలు కుక్కల పెంపకాన్ని నిషేధించకూడదు, లిఫ్టులో కుక్కని తీసుకెళ్లినందుకు ప్రత్యేకంగా డబ్బు వసూలు చేయకూడదు. మంచిదే. కానీ అది సంఘాలకి చెప్పిన మాట. ఇంటి యజమానికీ మనకీ మధ్య నడిచేది ఒప్పందం. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం, నివాస గృహానికి అడ్వాన్సు రెండు నెలల అద్దె దాటకూడదంటుంది. ఒప్పందం రాతలో ఉండాలంటుంది. ఇల్లు అప్పగించేటప్పుడు బాకీలు పోను మిగతాది తిరిగివ్వాలంటుంది. అయితే నమూనా నమూనాయే, రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే బలం.

నన్ను ఆగి ఆలోచించేలా చేసింది ఇంకో చట్టం. జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం, 1960. ఆకలికీ దాహానికీ అల్లాడేలా జంతువుని వదిలేసి పోవడం దాని 11వ సెక్షన్ ప్రకారం నేరం. మొదటిసారి అయితే జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. అరవై ఏళ్ల కిందట రాసిన అంకె అది. ఆ జరిమానానీ, కుక్కుంటే అడిగే అద్దెనీ పక్కపక్కన పెట్టి చూడండి. కుక్కని వీధిలో ఒగ్గీసి పోతే ఎక్కువలో ఎక్కువ యాభై, అదీ ఎవరైనా కేసు పెడితే. వెంట తీసుకెళ్తే నెలకి ఐదొందలు, వెయ్యి. జీతం మీద బతికే కుటుంబం, కొత్త ఊరు, పిల్లల బడి ఫీజులు, సామాను లారీ ఖర్చు. ఆ లెక్కలో చివరికి ఎవరు గేటు బయట మిగులుతారో మా వీధి చివర చూశాను.

రైలుని గుర్తు చేసుకుంటాను నేను. రైల్లో కుక్కని తీసుకెళ్లాలంటే పద్ధతి ఉంది. గార్డు పెట్టెలో కుక్కల అర ఉంటుంది, లగేజీ కింద రేటు కట్టి రసీదు ఇస్తారు. మనతోనే ఉంచుకోవాలంటే ఫస్ట్ ఏసీలో కూపే గానీ క్యాబిను గానీ మొత్తం మనకే దొరకాలి. ఖరీదైన వ్యవహారమే. అయినా రేటు ముందే తెలుస్తుంది, చేతికి కాగితం వస్తుంది. ఇళ్ల దగ్గర కూడా నేను కోరేది ఇంతే. డబ్బు అడగొద్దని నేననడం లేదు. దేనికి అడుగుతున్నారో చెప్పమంటున్నాను, ఖర్చు కాకపోతే తిరిగివ్వమంటున్నాను.

అందుకే రెండో ఇల్లు వెతికేటప్పుడు పద్ధతి మార్చాను. మొదటిసారి ఒక్కణ్ణే వెళ్తాను, ఇల్లు చూస్తాను, కుక్క ఉందని చెబుతాను. రెండోసారి సాయంత్రం పూట బంగారిని నడిపించుకుని వెళ్తాను. అంతకుముందు బాగా తిప్పి, అలసిపోయాక తీసుకెళ్లాలి, అప్పుడది నెమ్మదిగా కూర్చుంటుంది. పశువుల ఆసుపత్రిలో వేయించిన టీకాల కార్డు జేబులో ఉంటుంది. రేబిస్ టీకా ఏటా వేయిస్తున్నామని తేదీలు చూపిస్తే సగం భయం అక్కడే పోతుంది. గోమార్లు పట్టకుండా వీపు మీద వేసే మందు గురించి నేనే ముందు ఎత్తుతాను. పాత ఇంటామె ఫోను నంబరు, ఆమెని అడిగే, కొత్తవాళ్లకిస్తాను. నా దగ్గర ఎక్కువ తీసుకున్న ఆమే నా గురించి మంచి మాట చెప్పింది. అది కూడా ఇక్కడ రాయాలి.

ఇంట్లో దిగిన రోజున గోడలు, తలుపులు, నేల ఫోన్లో ఫొటోలు తీసి ఇంటాయనకి పంపుతాను. పాలరాయి నేల ఉంటే ఇంకా జాగ్రత్త కావాలి. అది ఉచ్చని పీల్చుకుంటుంది, మరక పడుతుంది. ఆ మరక మీద యాసిడ్ పోస్తే రాయి మెరుపే పోతుంది. వెంటనే తుడిచేయడం ఒక్కటే మందు. ఘాటైన ఫినాయిలు వాడొద్దని కూడా చెబుతాను. అందులోని ఫినాల్ రకం మందులు కుక్కల పాదాలకి మంట, పిల్లులకైతే విషం. బంగారికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. దాంతో వీధి కుక్కలు గేటు ముందు గుమిగూడడం లేదు, ఇరుగుపొరుగు నిద్ర చెడడం లేదు.

ఇవన్నీ కుక్క పెంచేవాడు చేయాల్సిన పనులే. చేయనివాళ్ల వల్ల చేసేవాళ్లకి ఇల్లు దొరకడం లేదు.

ఇప్పుడున్న ఇంటాయన మొదట నెలకి ఐదొందలే అడిగాడు. నేను లెక్క కాగితం తీసి 23,000, 1,800 చూపించాను. "నెల నెలా వద్దండి. ఆరువేలు విడిగా మీ దగ్గర ఉంచుకోండి. మేం పోయినప్పుడు కుక్క చేసిన నష్టం బిల్లు చూపించి అంత కోసుకోండి. నష్టం ఆరువేలు దాటితే మిగతాది నేనిస్తాను" అన్నాను. కాసేపు ఆలోచించాడు. ఆఖరికి "సరే మాస్టారూ, కాగితం మీద పెట్టండి" అన్నాడు. అగ్రిమెంటులో నాలుగు వాక్యాలు చేర్చాం. జంతువు ఒకటి, దాని టీకాలు, విడిగా ఇచ్చిన అడ్వాన్సు ఎంత, అది ఎప్పుడు ఎలా తిరిగివ్వాలి. రెండేళ్లయింది. పోయిన నెలలో వల తలుపు మళ్లీ చిరిగితే ఆయన అడగకముందే బాగు చేయించాను.

తెల్ల కుక్క ఇంకా ఆ వీధిలోనే ఉంది. మెడ పట్టీ బిగిసిపోతుంటే ముసలామె కత్తిరించి తీసేసింది. ఆమెదీ అద్దె వాటాయే, లోపలికి రానివ్వొద్దని వాళ్ల ఇంటాయన చెప్పాడట, అందుకని అది మెట్టు మీదే పడుకుంటుంది. ఈ ఏడాది దానికీ రేబిస్ టీకా వేయించాం.

మళ్లీ బదిలీల రోజులొస్తాయి. పాతపట్నంలోనైనా ఇంకెక్కడైనా మీ ఇల్లు ఖాళీ అవుతుంటే, టు-లెట్ బోర్డు మీద ఫోను నంబరు కింద ఒక్క వరస చేర్చండి: కుక్క గానీ పిల్లి గానీ ఉంటే విడి అడ్వాన్సు ఇంత, నష్టం లేకపోతే తిరిగి ఇస్తాం.