రెండు పిస్తోళ్ళ ఆస్తి

2019లో మన ఆయుధ చట్టాన్ని సవరించి, మామూలు లైసెన్సుదారుకి మూడు తుపాకులక్కర్లేదు, రెండు చాలన్నారు. తాతలనాటిది వదులుకోవాలంటే ఏ పెద్దాయనకైనా ప్రాణం చివుక్కుమనదూ? నాకు మాత్రం ఇబ్సెన్ 1890లో ప్రచురించిన 'హెడ్డా గాబ్లర్' నాటకం గుర్తొచ్చింది. హెడ్డాకి తండ్రి జనరల్‌గారి నుంచి దక్కినవీ రెండు పిస్తోళ్ళే. మొగుడి ఉద్యోగం ఖాయం కాక, గుర్రమూ నౌకరూ ఇప్పట్లో లేవని తేలినా వాటిని మాత్రం వదలదు. చివరికి ఒకటి పాత స్నేహితుడి చేతిలో పెడుతుంది, చచ్చిపొమ్మని! ఇచ్చేసింది ఆమె గుట్టు పట్టించింది. ఉంచుకున్నది ప్రాణం తీసింది. లెక్క తగ్గితే సరిపోతుందా మరి?

ఇంత గొప్ప నాటకంలో నాకు వెలితి ఒకటే. గోడమీద పటంలో ఉన్న ఆ తండ్రి, బతికుండగా వాటిని ఏం చేయాలనుకున్నాడో ఇబ్సెన్ చెప్పడు. పెద్దవాళ్ళు తామున్నప్పుడే తేల్చవలసినవి పొలాలూ నగలే కాదు కదండీ!