కత్తిని ఆపిన మాట

విధేయతా, గంజాం జిల్లాలోని కొడల నుంచి నిన్ను స్తుతిస్తున్నాను.

తూర్పున ఖల్లికోట కొండలు, వాటి అవతల చిలికా. దక్షిణాన ఋషికుల్య, అది దాటితే ఛత్రపురం, బరంపురం. వాయవ్యాన దూరంగా కొంధు ఆదివాసుల కొండలు. బజారులో ఒడియా మాట్లాడి, ఇంటికొచ్చి తెలుగులో ప్రార్థన చేసుకునే కుటుంబాలున్న నేల ఇది. మద్రాసు రాజధానిలో ఉన్న గంజాం 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో కలిసింది. ఏలుబడి మారినా నీ పేరు మాత్రం అందరి నోటా ఒకేలా పలికింది. జమీందారు నిన్ను అడిగాడు, కంపెనీ దొర అడిగాడు, షావుకారు అడిగాడు, ఇంట్లో పెద్దాయనా అడిగాడు. అడిగినవాడు ఎప్పుడూ పైనే, ఇవ్వాల్సినవాడు ఎప్పుడూ కిందే. అందుకే నీ పేరు వింటే మా వాళ్లకు ముందుగా వంగిన నడుములు గుర్తొస్తాయి. ఆ మకిలి కడిగి నీ ముఖం చూడాలని నా ఆశ.

వచ్చిన ఏడు ఋషికుల్య మొగ దగ్గరికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు లక్షల్లో వస్తాయి. చీకట్లో ఒడ్డెక్కి, వెనక కాళ్లతో ఇసుక తోడి, గుడ్లు పెట్టి, పూడ్చి, మళ్లీ నీళ్లలోకి జారిపోతాయి. సృష్టికర్త మాట జవదాటని తాబేళ్లని ప్రసంగాల్లో చెబుతుంటారు. ఆ దృశ్యం అందం కాదనను. కానీ ఆ రాకకు నీ పేరు పెట్టలేను. రానని చెప్పడం తాబేలుకు తెలియదు. ఏదేను తోటలో చెట్టును చేతికందేంత దగ్గర పెట్టి, దాని పండు తినవద్దని చెప్పిన రోజున నువ్వు పుట్టావు. కాదనగలిగినవాడు అవునన్నప్పుడే నీకు ఊపిరి.

తుపాకి ముందు ఎత్తిన చేతుల్లోనూ నువ్వు లేవు. 1835లో కప్పం బకాయి పేరుతో కంపెనీ సేన గుంసూరులో దిగింది. రాజు ధనంజయ భంజ కొండలెక్కి, కొంధుల దగ్గర తలదాచుకుని, అక్కడే కన్నుమూశాడు. ఆశ్రయమిచ్చిన నేరానికి కొండ ఊళ్లు తగలబడ్డాయి. రెండేళ్లకు అందరూ లోబడ్డారని దొరలు రాసుకున్నారు. కాలిన ఇళ్ల మధ్య నిన్ను వెతికితే దొరకవు.

ఆ యుద్ధాల్లోనే కొంధుల ఆచారం ఒకటి దొరల కంట పడింది. పంట పండాలని, పసుపుకు రంగు రావాలని భూదేవతకు మనిషిని బలి ఇవ్వడం. బలికోసం కొని తెచ్చిన మనిషిని మెరియా అనేవారు. పిల్లలుగా తెచ్చి ఏళ్ల తరబడి పెంచిన మెరియాలూ ఉండేవారు. కొంధుల బతుకంతటినీ ఈ ఒక్క ఆచారంతో కొలిచిన దొరల రాతలు నాకు నచ్చవు; ఊళ్లు కాల్చిన ప్రభుత్వమే కరుణ గురించి రాసుకుంది. అయినా ఆ పిల్లలు నిజం. వాళ్లను విడిపించడానికి 1845లో మెరియా ఏజెన్సీ పెట్టారు, 1861లో ఎత్తేశారు. ఆ ఏజెన్సీ అధికారి జాన్ క్యాంప్‌బెల్ లెక్క ప్రకారం 1837 నుంచి 1854 లోపు విడిపించినవారు 1,500 పైచిలుకు. వాళ్లలో కొందరు పిల్లల్ని బరంపురం, కటకంలోని బాప్టిస్టు మిషను బడులకు అప్పగించారు. ఏ బడికి వెళ్తారో, ఎవరి దేవుణ్ణి కొలుస్తారో ఆ పిల్లల్ని అడిగినవాళ్లు లేరు. అదీ చెప్పుకోవాలి.

ఆ బడుల్లో ఆదికాండం 22వ అధ్యాయం చదివిన రోజును తలుచుకుంటే నాకు గొంతు పట్టేస్తుంది. మూడు రోజుల నడక. కట్టెలు కొడుకు మీద, నిప్పూ కత్తీ తండ్రి అబ్రాహాము చేతిలో. నిప్పుంది, కట్టెలున్నాయి, గొర్రెపిల్ల ఏదని ఇస్సాకు అడిగాడు. మనకైతే అది కథలో ఒక ప్రశ్న. నేల మీద బాసింపట్టు వేసుకుని వింటున్న ఆ పిల్లలకు జవాబు ముందే తెలుసు. గొర్రెపిల్ల ఎవరో వాళ్లకు తెలుసు. బలిపీఠం పేర్చడం, కట్టెలు అమర్చడం, కాళ్లూ చేతులూ కట్టడం ఒక్కొక్కటే చదువుతుంటే ఎంతమంది పిల్లలు తల దించుకుని ఉంటారు? అప్పుడు ఆకాశం నుంచి పిలుపు. పేరు పెట్టి, రెండుసార్లు. చిన్నవాడి మీద చెయ్యి వెయ్యవద్దని. పొదలో కొమ్ములు చిక్కుకుని ఒక పొట్టేలు. ఆ మాట దగ్గర ఆ గదిలో ఎన్ని తలలు పైకి లేచి ఉంటాయో!

విధేయతా, ఈ కథ చెప్పే మనం ఎప్పుడూ కత్తి లేచిన చోటే ఆగిపోతాం. చూశారా, అబ్రాహాము ఎంత విధేయుడో అంటాం. ఆ ముసలాయన రెండోసారి కూడా విన్నాడు. ఎత్తమన్నప్పుడు విన్నవాడు దించమన్నప్పుడూ విన్నాడు. మూడు రోజులు మనసు రాయి చేసుకుని అంతదూరం వచ్చినవాడికి రెండోదే కష్టమై ఉంటుందని నా నమ్మకం. దేవుడి పేరుతో మొదలుపెట్టిన కాఠిన్యాన్ని దేవుడు వద్దన్నా పూర్తి చేసినవాళ్లను లోకం ఎంతమందిని చూడలేదు? లేచిన చెయ్యి గాలిలో ఆగి, కిందికి దిగిన ఆ క్షణంలో నిన్ను నిండుగా చూస్తాను.

బలికంటే నువ్వే మేలని సమూయేలు సౌలు ముఖం మీదే చెప్పాడు. యుద్ధంలో దోచిన గొర్రెలూ ఎడ్లూ వెనక అరుస్తుంటే, వీటిని దేవుడికి బలి ఇవ్వడానికే తెచ్చానన్నాడు సౌలు. దోపిడీకి భక్తి ముసుగు వేయడం అప్పటికే మనిషికి వచ్చు. ఆ కథ మొదట ఉన్న సంహారపు ఆజ్ఞ చదవడం నాకు ఇవాళ్టికీ కష్టమే. దాన్ని తేలిక చేసి చెప్పే వ్యాఖ్యానాలతో నాకు తృప్తి కలగలేదు. సమూయేలు మాట మాత్రం ఎముకల్లో దిగింది. చేయాల్సింది చేయకుండా కానుక తెచ్చి సరిపెట్టకు.

నిన్ను పిరికిదానివని అన్నవాళ్లకు షిఫ్రా, పూయాల పేర్లు చెబుతాను. ఐగుప్తులో మంత్రసానులు. మగపిల్లాడు పుడితే చంపమని ఫరో ఆజ్ఞ. రాజాజ్ఞ కాదని పిల్లల్ని బతికించారు. ఆ ఫరో పేరేమిటో గ్రంథం చెప్పలేదు, ఈ ఇద్దరు ఆడవాళ్ల పేర్లు మాత్రం రాసిపెట్టింది. యెరూషలేము మహాసభ ముందు నిలబడి, మనుషులకంటే దేవుడికే లోబడాలని చెప్పిన పేతురుదీ ఇదే దారి. నీ పేరు చెప్పి లోకం ఎవరి నోరు నొక్కిందో, వాళ్లకు నువ్వే నోరిచ్చావు.

ఆ పేతురు మొదట సీమోను అనే జాలరి. ఆయన్ని తలుచుకోవాలంటే గోపాల్‌పూర్ ఒడ్డుకు వెళ్లాలి. ఒడియావాళ్లు నోలియాలని పిలిచే మన తెలుగు జాలర్లు తెల్లారాక ఒడ్డున కూర్చుని వల బాగు చేసుకుంటుంటారు. కన్నుకన్నూ విడదీసి, నాచు దులిపి, గుల్లలు ఏరి, ఎండ్రకాయ కాళ్లు తీసి, తెగినచోట ముడి వేస్తారు. నడుం నొప్పి పుట్టించే పని. చేప పడని రాత్రి తర్వాత ఆ పని ఇంకా బరువు. గెన్నేసరెతు ఒడ్డున సీమోను సరిగ్గా ఆ పనిలో ఉండగా యేసు వచ్చాడు, అతని పడవలో కూర్చుని బోధించాక, లోతుకు పోయి వల వెయ్యమన్నాడు. చెప్పిన మనిషి వడ్రంగి. విన్నవాడు పుట్టు జాలరి. రాత్రంతా వేసినా ఏమీ పడలేదని సీమోను దాచకుండా చెప్పాడు, చెప్పాకే వల నీళ్లలోకి దించాడు. కడిగిన వల మళ్లీ తడపడమంటే మళ్లీ కడగడమని జాలరి ఇంట పుట్టిన ప్రతివాడికీ తెలుసు. పడిన చేపల గురించి ప్రసంగాలు చాలా విన్నాను. ఆ శుభ్రమైన వలను చేతిలోకి తీసుకుని లేచిన సీమోనును మాత్రం ఎవరూ అంతగా పొగడలేదు. నేను పొగుడుతున్నాను.

మా గోపాల్‌పూర్ ఒడ్డు ఇంకో రోజును కూడా చూసింది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. అంతకుముందే హెచ్చరిక విని లక్షల మంది ఇళ్లు విడిచి కదిలారు. పడవలు పోయాయి, వలలు పోయాయి, మొగలి తోపులు విరిగాయి, మాట విన్నవాళ్ల ప్రాణాలు మిగిలాయి. వాన పడకముందే ఓడ కట్టిన నోవహును నమ్మడం ఆ తర్వాత ఇక్కడ కష్టం కాలేదు.

నువ్వు ఎప్పుడూ తలూపుతూనే రావు. ద్రాక్షతోటకు వెళ్లమంటే వెళ్లనని మొహం మీద చెప్పి, తర్వాత మనసు మార్చుకుని వెళ్లిన కొడుకు గురించి యేసు చెప్పాడు. వెళ్తానండీ అని వినయంగా చెప్పి వెళ్లని కొడుకు గురించీ చెప్పాడు. గంజాం ఇళ్లలో ఈ కథ చెబితే వెంటనే అర్థమవుతుంది. ఎదురు మాట్లాడి, గొడవపడి సూరత్ మగ్గాలకు వెళ్లిపోయి, అక్కడి నుంచి నెలనెలా తల్లి మందులకు డబ్బు పంపే కొడుకులు ఈ పల్లెల్లో ఉన్నారు. నువ్వు నోటి మాటలో తప్పిపోయి కాళ్ల నడకలో దొరుకుతావు.

పాత గంజాంలోనే, పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో పురుషోత్తమ చౌదరి పుట్టాడు. బ్రాహ్మణ కుటుంబం, శాస్త్రం చదివిన బుర్ర. క్రీస్తు పిలుపు విని 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ రోజుల్లో అలా వచ్చినవాడికి అగ్రహారం, పంక్తి భోజనం, చుట్టరికం అన్నీ ఒక్కసారే తెగిపోయేవి. కానీ లోబడినందుకు ఆయన నోరు మూగబోలేదు. నేర్చుకున్న ఛందస్సు, రాగం, తాళం అన్నీ వెంట తెచ్చుకుని తెలుగులో కీర్తనలు కట్టాడు. 1890లో ఆయన వెళ్లిపోయాడు. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకం ఉన్న ప్రతి గుడిలో ఆయన గొంతు ఉంది. మనిషిలోని పాటను చంపేదాన్ని నీ పేరుతో పిలిచేవాళ్లకు నేను చూపించేది ఆ పుస్తకమే.

ఇక గెత్సేమనే. విధేయతా, ఇక్కడ నీ ముందు మోకాళ్లు వంచుతాను.

రాత్రి, ఒలీవ చెట్లు, నిద్రకు ఆగలేని శిష్యులు. నేల మీద సాగిలపడిన యేసు. ఈ గిన్నె తొలగించమని తండ్రిని అడిగాడు. ఒకసారి అడిగి లేచాడు, మళ్లీ వెళ్లి అడిగాడు, మూడోసారీ వెళ్లాడు. నోరెత్తకుండా ఒప్పుకునేదే నువ్వని చెప్పేవాళ్లు ఈ తోట బయటే ఉండిపోయారు. కుమారుడు భయపడ్డాడు, చెమట కార్చాడు, వద్దని వేడుకున్నాడు, ఆపై తండ్రి చిత్తానికి తన్ను తాను ఇచ్చుకున్నాడు. కుమారుడై ఉండి కూడా శ్రమపడి నిన్ను నేర్చుకున్నాడని హెబ్రీ పత్రిక. సిలువ దాకా దిగి వచ్చాడని పౌలు. జమీందారు పైన నిలబడి నిన్ను అడిగాడని ముందు చెప్పాను. ఈయన కిందికి దిగి ముందు తానే ఇచ్చాడు. నన్ను ఏదైనా అడిగే హక్కు అక్కడే ఈయనకు వచ్చింది. తాను చెయ్యని దాన్ని నా చేత చేయించడు.

ఆయన ఆజ్ఞల్లో అన్నిటికంటే కష్టమైనది శత్రువును ప్రేమించమన్నది. 1999 జనవరి 22 రాత్రి ఇదే ఒడిశాలో, కియోంఝర్ జిల్లా మనోహర్‌పూర్‌లో, జీపులో నిద్రపోతున్న మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌నూ, ఆయన పిల్లలు పదేళ్ల ఫిలిప్‌నూ, ఆరేళ్ల తిమోతినీ తగలబెట్టారు. కొండ ఊళ్లు కాల్చిన నిప్పే, చేతులు వేరు. భార్య గ్లాడిస్ క్షమించానని చెప్పింది. బారిపదలోనే ఉండి, కుష్ఠు రోగుల సేవ ఏళ్ల తరబడి కొనసాగించింది. 2005లో దేశం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది. ఆమె చేత అది ఎవరూ బలవంతంగా చేయించలేదు, చేయించలేరు కూడా. క్షమ ఎవరి గుండెలోంచి వాళ్లే ఇవ్వాలి. బాధితుణ్ణి పట్టుకుని, నువ్వు క్షమించి తీరాలి, ఇది ఆజ్ఞ అని ఒత్తిడి చేసే బోధకులను చూశాను. గ్లాడిస్ ఇచ్చింది అలా పిండి తీసేది కాదు.

అందుకే కొడలలో, బరంపురంలో, శ్రీకాకుళంలో, వాక్యం చెప్పే ప్రతిచోటా ఉన్న కాపరులకు నా మనవి. విధేయత మీద ప్రసంగించేటప్పుడు ఎఫెసీ పత్రికలో భార్యలకు చెప్పిన మాట దగ్గరే ఆగకండి. దానికి ముందున్న, ఒకరికొకరు లోబడమన్న మాట చదవండి. తర్వాతది, ప్రాణమిచ్చి ప్రేమించమని భర్తలకు చెప్పింది కూడా అంతే గట్టిగా చదవండి. ఫరోకు లోబడని మంత్రసానుల్ని ఆడపిల్లలకు పరిచయం చేయండి. కుటుంబ ప్రార్థనలో ఇస్సాకు కథ వస్తే, పిల్లలు వింటుండగా కత్తి దగ్గర ఆపకండి. 13వ వచనం దాకా చదివి తీరండి.