ఆగ్నెస్ దుఃఖం ఎవరిది?

షేక్‌స్పియర్ భార్య ప్రస్తావన వస్తే చాలు, సాహిత్య చరిత్రకి రెండే సంగతులు గుర్తొస్తాయి. పెళ్ళినాటికి అతనికి 18, ఆమెకు 26. వీలునామాలో ఆమెకు మిగిల్చింది 'రెండో రకం మంచం'. ఈ రెంటితోనే ఆమెను వలపన్నిన ఆడదానిగా, మొగుడు వదిలించుకున్న పెళ్ళాంగా తేల్చేశారు పండితులు. ఆ తీర్పుల్ని జర్మైన్ గ్రీర్ 2007లో 'షేక్‌స్పియర్స్ వైఫ్' రాసి తిప్పికొట్టారు. 2020లో మేగీ ఓ'ఫారెల్ 'హామ్నెట్' నవలలో ఆ పనిని కల్పనతో చేశారు. పుట్టింటి తండ్రి వీలునామాలో ఉన్న ఆగ్నెస్ అనే పేరుని ఆమెకు తిరిగిచ్చారు. మహాకవి పేరు మాత్రం నవల మొత్తంలో ఎక్కడా రాదు. అది నాకెంతో నచ్చింది.

1596 ఆగస్టులో పదకొండేళ్ళ హామ్నెట్‌ను స్ట్రాట్‌ఫర్డ్‌లో పూడ్చారు. ఎందుకు చనిపోయాడో రికార్డుల్లో లేదు. నవల దాన్ని ప్లేగు అనుకుంది. అలెగ్జాండ్రియాలో కోతి ఒంటిమీది పురుగు ఓడలెక్కి, గాజుపూసల పెట్టెతో ఆ ఇంటికి చేరే అధ్యాయాన్ని అందరూ మెచ్చుకుంటారు. నిజమే, బావుంది. కానీ నన్ను కదలనివ్వనిది ఇంటిలోపలి జబ్బు. కవల చెల్లెలు జూడిత్ ఒళ్ళు కాలిపోతుంటే పిల్లాడు పెద్దవాళ్ళకోసం ఇల్లంతా వెతుకుతాడు. తల్లి తేనెపట్టుల దగ్గర, తండ్రి లండన్‌లో. వైద్యుడు పక్షిముక్కు ముసుగుతో వచ్చి, ఎవరూ బైటికి రావద్దని చెప్పిపోతాడు. మిగిలిన చాకిరీ అంతా ఆడవాళ్ళదే. చివరికి కొడుకు శవాన్ని కడిగి, గుడ్డలో పెట్టి కుట్టేదీ ఆగ్నెసే. ముగ్గురు ఆడపిల్లల్ని పోగొట్టుకున్న అత్త మేరీకి ఆ పని కొత్త కాదు. అంతవరకూ పొసగని అత్తాకోడళ్ళు అక్కడ మాటల్లేకుండా ఒకటవుతారు. 2021లో మనవాళ్ళ శవాల్ని ప్లాస్టిక్ సంచుల్లో చూసిన మనకి ఆ పేజీలు తేలిగ్గా తిరగవు.

నా పేచీ రెండింటితో. ఆగ్నెస్‌కి మూలికల గురించి తెలుసు. అది చేసిచేసి నేర్చిన విద్య. రచయిత్రి దాని పక్కనే, చెయ్యి పట్టుకుంటే మనిషి గుట్టు తెలిసిపోయే అతీంద్రియ శక్తినీ ఆమెకు అంటగట్టారు. స్త్రీల జ్ఞానాన్ని మళ్ళీ మహిమ చేసేశాక, మంత్రగత్తె అన్నవాళ్ళకి మనం చెప్పే జవాబేమిటి?

రెండోది ముగింపు. కొడుకు పేరుని నాటకానికి పెట్టాడని మండిపడుతూ లండన్ వెళ్ళిన ఆగ్నెస్, భర్తను దెయ్యం వేషంలో చూసి మెత్తబడుతుంది. కడిగి, కుట్టి, పూడ్చిన మనిషి ప్రేక్షకురాలైపోయింది. ఆమె దుఃఖానికి అర్థం అతని కళలోనే దొరకాలా?

నవల అక్కడ కాకుండా జూడిత్ దగ్గర ఆగి ఉంటే బావుండేది. (వుల్ఫ్ ఊహించిన చెల్లెలు కాదు, నిజంగా బతికిన ఈ కూతురు.) కవల పోయాక మిగిలినదాన్ని ఏమంటారని అడుగుతుంది నవల్లో. 1611 నాటి దస్తావేజు మీద ఆమె సంతకం లేదు, ఒక గుర్తు ఉంది. కన్న ముగ్గురు కొడుకులూ ఆమె కళ్ళముందే పోయారు, పెద్దవాళ్ళయిన ఇద్దరూ 1639లో, వారాల తేడాతో. ఆ తర్వాత 1662 దాకా బతికింది.